మూడో సిలిండర్

చిత్తూరు వెళ్లి కొనాలనుకున్న పాత అంబాసిడర్ కారు చూసి వచ్చిన రాత్రి, అన్నం దగ్గర నాన్న ఒకే ప్రశ్న అడిగాడు.

"బానెట్ మీద చేయి పెట్టి చూశావా?"

చూడలేదు. రంగు చూశాను. వెనక సీటు ఎంత మెత్తగా ఉందో కూర్చుని చూశాను. స్టీరింగ్ పక్కనుండే గేరు కడ్డీని నాలుగుసార్లు పైకీ కిందికీ కదిపి మురిసిపోయాను. స్టార్ట్ చేయగానే ఇంజిన్ కాస్త కూడా సతాయించకుండా అందుకుంది. యాభై ఏళ్లు దాటిన ఇంజిన్ అలా అందుకునేసరికి నాకు మతి పోయింది. బయానా ఇవ్వడానికి సంచిలో చేయి కూడా పెట్టాను. నాన్న చెవిన ఒక మాట వేసి ఇద్దామని ఎందుకో ఆగాను.

"వస్తున్నానని వాళ్లకు ఎప్పుడు ఫోను చేశావు?"

"పూతలపట్టు దాటాక."

"అక్కడి నుంచి అరగంట. ఇంజిన్ వేడెక్కడానికి అది చాలు," అంటూ మజ్జిగ పోసుకున్నాడు. "పెళ్లిచూపుల్లో అందరూ నెమ్మదిగానే మాట్లాడతారమ్మా. పొద్దున లేవగానే ఎలా మాట్లాడతారో చూడాలి."

నాన్న 34 ఏళ్లు ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు 74. చెవి కొంచెం మందగించింది, చేయి మాత్రం మందగించలేదు. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక శాస్త్రం చెబుతాను. పీడనం, ఘనపరిమాణం అంటూ బోర్డు మీద గీసిన సిలిండర్ బొమ్మలు వేలల్లో ఉంటాయి. నిజం సిలిండర్‌లోకి తొంగి చూసిన పాపాన పోలేదు.

అంబాసిడరే ఎందుకని మా అమ్మ అడిగింది, మా స్టాఫ్‌రూమంతా అడిగింది. చిన్నప్పుడు తమ్ముడి పుట్టువెంట్రుకలకు తిరుపతి బైరాగిపట్టెడ నుంచి తిరుమల కొండకు అద్దె అంబాసిడర్‌లో వెళ్లాం. తొమ్మిది మందిమి. ఘాట్ రోడ్డు మధ్యలో రేడియేటర్ మరిగి ఆవిరి కక్కింది. డ్రైవరు గోనెపట్టాతో మూత విప్పుతుంటే నేను వెనక నిలబడి చూశాను. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తు. ఇంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు.

ఇక కారు సంగతి. 1972 నాటి మార్క్ 2, పెట్రోలు. ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్స్ 1958 నుంచి 2014 దాకా తయారుచేసిన అంబాసిడర్లకు మూలం ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. మా కారులో ఉన్నది కూడా ఆ వంశపు 1489 సీసీ ఇంజిన్. నాలుగు సిలిండర్లు, ఇనుప బ్లాకు, దాని మీద మూతలా కూర్చునే ఇనుప హెడ్డు. ఆ తరం అంబాసిడర్లలో చాలావాటికి తరవాత డీజిల్ ఇంజిన్లు ఎక్కించేశారు. ఇది పెట్రోలుతోనే మిగిలింది కాబట్టే నాకు ఆశ పుట్టింది. అమ్మేవాళ్లది చిత్తూరులో బెల్లం వ్యాపారం చేసే కుటుంబం. తాత కొన్నాడు, తండ్రి నడిపాడు, మనవడు అమ్ముతున్నాడు.

రెండోసారి నాన్నా నేనూ తెల్లవారుజామున నాలుగున్నర బస్సు ఎక్కాం. నాన్న ఒళ్లో పసుపు గుడ్డ సంచి. అందులో ప్లగ్ స్పానర్, కంప్రెషన్ గేజ్, ఆయిల్ ప్రెషర్ గేజ్, ఫీలర్ గేజ్, మూరెడు పొడవున్న స్క్రూడ్రైవర్, టార్చిలైటు, పాత దినపత్రిక, రెండు ఇడ్లీ పొట్లాలు. ఈసారి ఫోను ముందురోజే చేశాం. "ఉదయం ఆరుకు వస్తాం, దయచేసి ఇంజిన్ స్టార్ట్ చేయకండి" అని చెప్పాం. అలా చెప్పడం మొరటుగా ఉంటుందేమోనని నేను నసిగితే, "ఇల్లు కొనేటప్పుడు దస్తావేజులు అడగవా?" అన్నాడు నాన్న.

చిత్తూరులో దిగేసరికి అప్పుడప్పుడే వెలుతురు వస్తోంది. మామిడి కాలం కావడంతో గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే తోతాపురి ట్రాక్టర్లు రోడ్డు పక్కన బారులు తీరి ఉన్నాయి. షెడ్డు తలుపు తీశారు. నాన్న లోపలికి వెళ్తూనే బానెట్ మీద అరచేయి ఆనించాడు. చల్లగా ఉంది. అప్పుడు కానీ కారు యజమానికి నమస్కారం పెట్టలేదు.

ఆయనకు యాభై ఏళ్లుంటాయి. మంచి మనిషే. మా సంచి చూసి మొహం కాస్త చిన్నబుచ్చుకున్నాడు. "సార్, ఈ ఇంజిన్‌ను ఇంతవరకు ఎవరూ విప్పలేదు. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. కావాలంటే కాణిపాకం పదండి, వినాయకుడి ఎదుట ప్రమాణం చేస్తాను," అన్నాడు.

మన జిల్లాల వాళ్లకు చెప్పనక్కర్లేదు, కాణిపాకంలో అబద్ధపు ప్రమాణం చేసే ధైర్యం ఎవరికీ ఉండదు. నేను మెత్తబడిపోయాను. నాన్న మాత్రం, "కాణిపాకం దాకా ఎందుకు నాయనా, స్టార్టింగ్ హ్యాండిల్ ఉంటే ఇవ్వు," అన్నాడు.

డిక్కీలో జాకీ పక్కన దొరికింది. దాని పని చెప్పేముందు, మూతల సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. రేడియేటర్ మూతను ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి. లోపల నీళ్లు కాఫీ డికాషన్ రంగులో ఉన్నాయి. తుప్పు పట్టిందన్నమాట, ఉత్త నీళ్లు పోసి నడిపారు. నీటి మీద నూనె తెట్టు లేదు. ఆయిల్ పోసే మూత లోపలివైపు మజ్జిగ తెట్టులాంటిదేమైనా అంటుకుందా అని చూశాడు. అది ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నట్టు, హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోయిందో హెడ్డే పగిలిందో తేల్చుకోవాలి. ఇక్కడ లేదు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ తేనె రంగులో తళతళలాడుతోంది. నేను సంతోషించాను. నాన్న సంతోషించలేదు. రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, ఒక బొట్టు దినపత్రిక మీద వేశాడు. అది పాకకుండా ముద్దలా నిలబడింది. "కొత్త ఆయిల్, అదీ చిక్కటిది. నిన్నో మొన్నో మార్చారు," అన్నాడు. చిక్కటి ఆయిల్ పోస్తే అరిగిన బేరింగుల చప్పుడు కొంత అణుగుతుంది, ప్రెషర్ కూడా చల్లటి ఇంజిన్‌లో ఘనంగా చూపిస్తుంది. "మెకానిక్ మార్చమన్నాడు సార్," అన్నాడు యజమాని. అది నిజమే అయ్యుండవచ్చు. కారు అమ్మే ముందు ఆయిల్ మార్చడం నేరమేమీ కాదు, కొనేవాడికి మాత్రం సాక్ష్యం పోతుంది.

ఇప్పుడు హ్యాండిల్. గేరు న్యూట్రల్‌లో పెట్టి, తాళం ఆపేసి, ముందు బంపర్ దగ్గరున్న రంధ్రంలోంచి దాన్ని దూర్చాడు. "బొటనవేలు హ్యాండిల్ చుట్టూ వేయకు, మిగతా వేళ్లతో పాటు ఒకే వైపు పెట్టు. వెనక్కి తన్నితే బొటనవేలు విరుగుతుంది," అని నాచేత తిప్పించాడు. నా చేతే ఎందుకంటే, "నువ్వు కదా కొనేది."

ఈ కారును మళ్లీ ఎన్నిసార్లు నడిపినా ఆ నాలుగు మెలికలు మరచిపోలేను. నెమ్మదిగా పైకి లాగుతుంటే ఒకచోట గట్టిగా అడ్డుకుంటుంది. గాలి లోపల నొక్కుకుపోతూ చేతిని వెనక్కి నెడుతుంది. ఇంకాస్త బలం వేస్తే దాటుతుంది, మళ్లీ తేలికవుతుంది, మళ్లీ అడ్డుకుంటుంది. రెండు చుట్లు తిప్పితే నాలుగు సిలిండర్లూ ఒక్కోసారి చేతికి తగులుతాయి. నేను ఇరవై ఏళ్లుగా బోర్డు మీద గీస్తున్న పీడనం నా మణికట్టును పట్టుకుని ఆపడం అదే మొదటిసారి. గట్టిది, గట్టిది, మెత్తనిది, గట్టిది. మళ్లీ తిప్పాను. గట్టిది, గట్టిది, మెత్తనిది, గట్టిది. ఒకచోట మాత్రం గాలి ఎక్కడికో జారిపోతోంది.

"ఒకటి బాగాలేదు నాన్నా."

"ఏది?"

అది చేతికి తెలియదు. తెలుసుకోవడానికే మిగతా ఉదయమంతా పట్టింది.

స్టార్ట్ చేయడానికి ముందు నన్ను కారు వెనక నిలబెట్టాడు. చల్లటి ఇంజిన్ ఈసారి మూడుసార్లు ప్రయత్నిస్తే కానీ అందుకోలేదు. పొగ గొట్టంలోంచి తెల్లటి ఆవిరి వచ్చి నిమిషంలో సన్నబడింది. పొద్దునపూట అది మామూలే. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు, కార్బరేటర్ సర్దితే సరిపోతుంది. భయపడాల్సింది నీలి పొగకు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నీలంగా వస్తుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, సిలిండర్ లోపలి బోరు అరిగినట్టే. కాసేపు తొక్కకుండా ఉండి మళ్లీ తొక్కినప్పుడు మాత్రమే ఒక నీలి ముద్ద వస్తే వాల్వులు, అంటే సిలిండర్ తలుపులు, జారే గైడ్లు అరిగినట్టు. కొండ మీద నుంచి దిగే అద్దె అంబాసిడర్లను నాన్న ఒకప్పుడు అలాగే పసిగట్టేవాడట. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డులో దిగుతూ, అలిపిరి దగ్గరికొచ్చి చదును మీద మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే ఏ కారు వెనక నీలం కనిపించిందో చూసి, "దీనికి హెడ్డు దించాలి" అని పక్కవాళ్లతో పందెం కాసేవాడట. ఎన్ని గెలిచాడో నేను అడగలేదు.

మా కారు వెనక ఒక పలచటి నీలి పోగు కనిపించి మాయమైంది. "వయసుకు తగ్గదే," అన్నాడు.

ఆయిల్ మూత తీసి నడుస్తున్న ఇంజిన్ మీద అరచేయి పెట్టాడు. బ్యాక్ కంప్రెషన్ చూడటమంటే ఇదే. రింగులు పోతే మండిన వాయువులు పిస్టన్ పక్కనుంచి కిందికి జారి, ఈ రంధ్రంలోంచి బుస్సుబుస్సున తంతాయి. అటువంటి ఇంజిన్‌ను మెకానిక్కులు "బోరుకు వచ్చింది" అంటారు. ఇక్కడ వెచ్చటి ఊపిరి మాత్రమే తగిలింది.

అప్పుడు మూరెడు స్క్రూడ్రైవర్ బయటికి తీశాడు. దాని మొన బ్లాకుకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి కళ్లు మూసుకున్నాడు. చెవి మందగించినవాడు ఇంజిన్ ఎలా వింటాడని నాకు లోపల అనుమానం. శబ్దం ఎముక గుండా లోపలి చెవికి చేరుతుందని పిల్లలకు పాఠం చెప్పేది నేనే. పైన టిక్కుటిక్కుమనేది వాల్వు కాడను నొక్కే ట్యాపెట్, అది పెద్ద విషయం కాదు. చల్లగా ఉన్నప్పుడు గల్లుమని, వేడెక్కాక తగ్గిపోయేది పిస్టన్ సిలిండర్ గోడకు కొట్టుకునే చప్పుడు. కింద, ఆయిల్ సంపు దగ్గర, తలుపు మీద పిడికిలితో కొట్టినట్టు బరువుగా వినిపిస్తే మాత్రం పిస్టన్ కడ్డీ క్రాంక్ ఇరుసును పట్టుకునే చోటి బిగ్ ఎండ్ బేరింగ్. అది వినిపిస్తే సంచి సర్దుకుని బస్సెక్కడమే. నాన్న చాలాసేపు కిందే విన్నాడు. యజమాని కాఫీ తెచ్చి పక్కన పెట్టాడు. అది చల్లారిపోయింది.

"కింద బాగుంది," అన్నాడు చివరికి.

ఆ తరవాత రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో ఒక్కో ప్లగ్ వైరును లాగి మళ్లీ పెట్టాడు. మొదటిది తీయగానే ఇంజిన్ కుంటింది. రెండోది తీసినా కుంటింది. మూడోది తీస్తే ఏమీ మారలేదు. నాలుగోది తీస్తే ఆగిపోయేంత పనైంది. ఉన్నా లేకపోయినా ఒకటే అయిన పనివాడెవరో తెలిసిపోయింది.

ఇంజిన్ ఆపి ప్లగ్గులన్నీ విప్పి వరసగా పత్రిక మీద పేర్చాం. ఒకటి, రెండు, నాలుగు గోధుమ రంగులో, అంచులు అరిగి, పాతబడి ఉన్నాయి. మూడోది కొత్తది. నాన్న దాన్ని వేలితో యజమాని వైపు తోశాడు, ఏమీ అనలేదు. యజమాని నేల చూశాడు. "కొంచెం మిస్ అవుతుంటే మెకానిక్ ప్లగ్ మార్చాడు సార్," అన్నాడు. నాలుగు ప్లగ్గులూ కొత్తవైతే సర్వీసింగ్ చేయించారు అనుకోవచ్చు. ఒక్కటే కొత్తదైతే ఎవరో మనకంటే ముందే ఆ రోగాన్ని వెతికి, దొరక్క వదిలేశారని అర్థం.

కాయిల్ వైరు తీసేసి, నేను యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ తిప్పుతుంటే, నాన్న ప్లగ్ రంధ్రాల్లో, లోపల గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చూపే కంప్రెషన్ గేజ్ పెట్టాడు. చదరపు అంగుళానికి పౌండ్ల లెక్కన మొదటిది 118, రెండోది 114, మూడోది 82, నాలుగోది 116. "అంకె ఎంతన్నది తరవాత. నాలుగింటికీ పొత్తు కుదరాలి," అన్నాడు. రెండు, మూడు పక్కపక్కన ఉన్నవి రెండూ పడిపోయి ఉంటే వాటి మధ్య హెడ్ గాస్కెట్ కాలిందని అనుమానించేవాళ్లం. ఇక్కడ ఒక్కటే పడింది.

మూడో రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూశాడు. ఈ పరీక్షలోని తెలివి నాకు భలే నచ్చింది. ఆయిల్ పిస్టన్ చుట్టూ చేరి రింగుల సందులు కాసేపు మూసేస్తుంది. అప్పుడు అంకె పెరిగితే గాలి రింగుల దగ్గర పోతున్నట్టు. పెరగకపోతే పైన, వాల్వుల దగ్గర పోతున్నట్టు. గేజ్ 85 దగ్గర ఆగింది. నాన్న మొహంలో మొదటిసారి వెలుగు కనిపించింది. రింగులైతే ఇంజిన్ మొత్తం దించాలి, బోరింగ్, పిస్టన్లు, పెద్ద ఖర్చు. వాల్వయితే హెడ్డు దించితే చాలు.

అక్కడితో ఆగలేదు. పైన ట్యాపెట్ కవర్ విప్పించాడు. ఈ ఇంజిన్‌లో ఎనిమిది వాల్వులు. వాటిని సర్దడానికి తొమ్మిది లెక్క అని ఒకటుంది. కాడకూ ట్యాపెట్‌కూ మధ్య గ్యాప్ ఏ వాల్వుది చూడాలో, దాని అంకెతో కలిపి తొమ్మిదయ్యే వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉండాలి. ఎనిమిదోది తెరుచుకున్నప్పుడు ఒకటోది, నాలుగోది తెరుచుకున్నప్పుడు అయిదోది. మూడో సిలిండర్ నుంచి పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ వాల్వు వరసలో అయిదోది. నేను హ్యాండిల్ తిప్పి నాలుగోదాన్ని కిందికి దించాను. అయిదో దాని దగ్గర ఉండాల్సిన సందు 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యికి పదిహేను వంతులు. నాన్న ఆ ఫీలర్ రేకు పెట్టాడు, దూరలేదు. పది రేకు దూరలేదు. నాలుగు రేకు కూడా దూరలేదు. సందే లేదు. ఆ వాల్వు ఎప్పుడూ పూర్తిగా మూసుకోవడం లేదు.

సందు ఎందుకు మూసుకుపోయిందన్నది బస్సులో తిరిగి వస్తూ నాకు నేను చెప్పుకున్న పాఠం. ఈ ఇంజిన్లు పుట్టిన రోజుల్లో పెట్రోలులో సీసం కలిపేవాళ్లు. మండిన సీసం వాల్వు కూర్చునే చోట సన్నటి పొరలా పట్టి, ఇనుము అరగకుండా కాపాడేది. మన దేశమంతటా 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. మనుషుల ఆరోగ్యానికి అది ఎంతో మంచిది, పిల్లల మెదళ్లకు సీసం విషం. కానీ మెత్తటి ఇనుప హెడ్డులో నేరుగా చెక్కిన పాత సీట్లకు ఆ పొర పోయింది. ఎర్రగా కాగిన ఎగ్జాస్ట్ వాల్వు గంటల తరబడి వేగంగా కొట్టుకుంటుంటే సీటు కొంచెం కొంచెం తినుకుపోతుంది, వాల్వు హెడ్డులోకి కుంగుతుంది, దాని కాడ పైకి జరుగుతుంది, ట్యాపెట్ సందు పూడిపోతుంది. వాళ్ల నాన్నగారు వారానికోసారి బెంగళూరుకు ఈ కారులోనే వెళ్లివచ్చేవారని యజమాని అన్నప్పుడు లెక్క సరిపోయింది. ఊళ్లో తిరిగే కారుకు ఇంత జరగదు, హైవే మీద పరుగెత్తిన కారుకు జరుగుతుంది.

అనుమతి అడిగి నాన్న ఆ ట్యాపెట్‌ను వదులు చేసి 15 థౌకు సర్దాడు. మళ్లీ గేజ్ పెడితే 101. పూర్తిగా రాలేదు, సీటు అప్పటికే కాలింది కాబట్టి. రోగం ఏమిటో మాత్రం తేలిపోయింది.

ఇడ్లీలు తిన్నాక మొగిలి ఘాట్ దాకా నడిపి చూశాం. బెంగళూరు దారిలో బంగారుపాళ్యం దాటాక వచ్చే ఆ ఎక్కుడు పాత ఇంజిన్‌కు మంచి పరీక్ష. నడిపింది యజమాని, పక్కన నాన్న, వెనక నేను. ఆయిల్ ప్రెషర్ గేజ్‌ను నాన్న ముందే బిగించి, దాని గొట్టాన్ని కిటికీలోంచి లోపలికి తెచ్చుకున్నాడు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 65 చూపించిన ముల్లు, ఘాట్ ఎక్కి దిగి ఇంజిన్ బాగా కాగాక పరుగులో 46 దగ్గర, ఆగినప్పుడు 17 దగ్గర నిలబడింది. చిక్కటి ఆయిల్ చేసే సాయం వేడిలో చాలావరకు కరిగిపోతుంది. అందుకే వేడి అంకెనే నమ్మాలి. ఆగినప్పుడు ముల్లు నేలను అంటుకుని ఉంటే, పొద్దున స్క్రూడ్రైవర్ ఎంత మంచి మాట చెప్పినా కొనేవాళ్లం కాదు.

తిరిగొచ్చాక రెండు చిన్న పరీక్షలు. నన్ను క్లచ్ తొక్కమని, ముందు కప్పీ దగ్గర టార్చి వేసి చూశాడు. తొక్కినప్పుడల్లా కప్పీ కళ్లకు కనిపించేంత ముందుకు జరిగితే క్రాంక్ ఇరుసుకు ముందూ వెనకా ఆట ఎక్కువైనట్టు. జరగలేదు. కారు కింద పరిచిన పత్రిక మీద వెనకవైపు నాలుగు ఆయిల్ చుక్కలు పడ్డాయి. నేను కంగారుపడ్డాను. ఈ ఇంజిన్ వెనక బేరింగ్ దగ్గర రబ్బరు సీలు ఉండదట, ఆయిల్‌ను వెనక్కి తోసే మరలాంటి గాడి మాత్రమే ఉంటుందట. ఆగాక కొన్ని చుక్కలు దాని పుట్టుక లక్షణం. ధార కడితేనే జబ్బు.

కాగితాల దగ్గర నేను నాన్నకంటే గట్టిదాన్ని. బ్లాకు మీది ఇంజిన్ నంబరును కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆర్‌సీలో ఉన్నదానితో ఒక్కో అంకె సరిచూశాను. సరిపోయింది. ఆర్‌సీ మాత్రం చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంది. అంటే ముందు ఫారం 31తో కొడుకు పేరుకు మారాలి, ఆ తరవాత 29, 30 ఫారాలతో నా పేరుకు. ఇది తేలకుండా పూర్తి డబ్బు ఇవ్వనని చెప్పాను. స్టాఫ్‌రూములో ఒకాయన "వింటేజ్ కింద రిజిస్టర్ చేయించు, గొప్పగా ఉంటుంది" అని సలహా ఇచ్చాడు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి 20,000 రూపాయలు కట్టి నంబరు ప్లేటు మీద "వీఏ" అక్షరాలు తెచ్చుకోవచ్చు. పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ బండిని రోజువారీ అవసరాలకు రోడ్డెక్కించకూడదు. నాకు ఆదివారం చంద్రగిరి దాకా వెళ్లి జామకాయలు కొనుక్కుని రావాలి. గొప్ప అక్కర్లేదు.

బేరం ఎక్కువసేపు సాగలేదు. ఆయన 2,25,000 అన్నాడు. నాన్న గేజ్ అంకెలు రాసిన పత్రిక ముక్కను ముందు పెట్టి, హెడ్డు పనికి, వాల్వులకు, సీట్లకు, రేడియేటర్ కడిగించడానికి అయ్యే ఖర్చు పక్కన రాశాడు. 1,85,000 దగ్గర ముగిసింది. మూడో సిలిండర్ బాగుండి ఉంటే మాకు ఆ కారు అందేది కాదేమో. వెళ్లేటప్పుడు యజమాని నాన్నను పక్కకు పిలిచి, "మొన్న అమ్మగారు వచ్చినప్పుడు ముందే కాసేపు నడిపి పెట్టిన మాట నిజమే పెద్దాయనా," అన్నాడట. ఆ సంగతి నాన్న నాకు వారం తరవాత చెప్పాడు.

కాగితాలు నా పేరు మీదికి వచ్చాక తిరుపతిలో మా ఇంటి ముందే హెడ్డు దించాం. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ సీటు గిన్నె అడుగులా లోపలికి కుంగిపోయి ఉంది. లేత్ వర్క్స్‌లో నాలుగు ఎగ్జాస్ట్ సీట్లకూ గట్టి ఉక్కు వలయాలు దింపించాం, వాల్వులు కొత్తవి వేయించాం. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది కాబట్టి, పాత రబ్బరు గొట్టాలు, పంపులోని డయాఫ్రమ్ కూడా మార్పించేశాం.

హెడ్డు షాపులో ఉండగా నాన్న పిస్టన్ల తలల మీద పేరుకున్న మసిని కిరోసిన్‌తో తుడుస్తున్నాడు. రెండో పిస్టన్ మీద బొటనవేలితో రుద్ది, నన్ను పిలిచి టార్చి వేయమన్నాడు. మసి కింద మూడు అంకెలు అచ్చు గుద్ది ఉన్నాయి. 020.

కంపెనీ నుంచి వచ్చిన పిస్టన్ మీద ఆ అంకె ఉండదు. ఎప్పుడో ఒకసారి ఇంజిన్ మొత్తం దించి, సిలిండర్లను 20 థౌ పెద్దగా బోరింగ్ చేయించి, ఇరవై సైజు పిస్టన్లు వేశారు. పని మాత్రం చక్కగా చేశారు.

"అదృష్టవంతుడు. కాణిపాకం వెళ్లకుండా తప్పించాను," అన్నాడు నాన్న.

నేనుండబట్టలేక చిత్తూరుకు ఫోను చేశాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత చిన్నగా నవ్వాడు. "నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు రెండు నెలలు కారు ఇంట్లో లేదమ్మా. ఎక్కడికి పోయిందని ఏడిస్తే, మొక్కుకుని కొండకు వెళ్లిందిరా, వచ్చేస్తుందిలే అన్నాడు మా తాత."